మూత తీసిన డ్రమ్ము

నలభై రెండులోంచి పదిహేడు తియ్యాలి.
రెండులోంచి ఏడు పోదు కుందనా,
పక్కింటికెళ్లి ఒకటి అప్పు తెచ్చుకో, అన్నాను
నగరి బళ్లో మా అయ్యవారు నాకు చెప్పినట్టే.
పెన్సిల్ ఆగింది.
"మళ్లీ ఎప్పుడిచ్చేస్తాం నాన్నా?"

ఇవ్వం. లెక్కల్లో అంతే, అన్నాను.
దానికి నచ్చలేదు.
లేచి కిటికీ దగ్గరికి, అక్కణ్ణించి ఫ్రిజ్ దగ్గరికి,
దారిలో నా మిషను చక్రం ఒక చుట్టు తిప్పి
సూదిలో దారం తెంపి
తిరిగొచ్చేసరికి
నలభై రెండు దాని తలలో లేదు.
చూళైమేడులో సాయంత్రం ఆరు.
రేపటికి ఇవ్వాల్సిన జాకెట్లు ఇంకా నాలుగు.

ఆ చెవిని ఓసారి మెలిపెట్టాను.
పోయినేడు, ఎక్కాల రాత్రి.
ఏడెనిమిదులు యాభై ఆరని పొద్దున గడగడా చెప్పింది,
దీపాలు పెట్టేవేళకి ఆ యాభై ఆరు ఎటో పోయింది.
కావాలనే చేస్తోందనుకున్నాను.

ఎగ్మూరు పిల్లల ఆసుపత్రిలో డాక్టరమ్మ
ఏ, డీ, హెచ్, డీ అని నాలుగక్షరాలు పలికి
"ఇది బద్ధకం కాదండీ" అంది తమిళంలో, మెల్లగా,
నా చేతుల వంక చూడకుండా.
నేనే చూసుకున్నాను.
వీపు వెడల్పు, చంక చుట్టు, మెడ లోతు
పావంగుళం తేడా రానివ్వని చేతులు.
ఇంట్లో పిల్లకు మాత్రం
కొలత తీయకుండానే కత్తెర పెట్టాయి.

సుభాషిణి ఇప్పుడు ఒక్కో లెక్కనీ ఒక్కో చీటీ మీద రాసి
మిగతావి కొంగులో దాచేస్తుంది.
మూడు చీటీలయ్యాక ఒకసారి మెట్లు దిగి ఎక్కిరావాలి.
కొన్ని రోజులు పనిచేస్తుంది.
కొన్ని రోజులు చీటీలు పడవలైపోతాయి,
మా ఆవిడ బాత్రూంలోకెళ్లి కుళాయి తిప్పుకుంటుంది,
నీళ్లు రావని తెలిసీ.

ఆ సాయంత్రం మెట్రో వాటర్ లారీ హారన్ కొట్టింది.
పుస్తకం ఎక్కడిదక్కడ.
లారీ దగ్గర మా కుందన వేరే మనిషి.
ఎవరి బిందె వెనక ఎవరిది,
పైవాటా మరగదమ్మ మాకివ్వాల్సిందెంత,
ఆటో రఫీక్ వాళ్లకు మేం బాకీ ఉన్నవి రెండా మూడా,
అన్నీ దాని నోటికున్నాయి.
ట్యూబు పట్టుకున్న కుర్రాడు తప్పు లెక్కేస్తే
"అన్నా, అది అయిదోది!" అని గట్టిగా అరిచింది.

మా బిల్డింగుకు నాలుగు నీలం డ్రమ్ములు,
ఒక్కోదానికి సరిగ్గా పది బిందెలు.
అవి నిండి, మెట్ల దగ్గర రెండు బిందెలు మిగిలాయి.
తడి గౌనుతో అది వాటిని చూసింది.
నేను దాన్ని చూశాను.
పదిహేడు బిందెలు ఎవరికైనా ఇవ్వాలంటే?

"ఒక డ్రమ్ము అట్టాగే ఇచ్చేస్తా.
ఇంకా ఏడు... బయట రెండే ఉన్నాయే..."
ఒంటికాలిమీద నిలబడి ఆలోచించి
రెండో డ్రమ్ము మూత లాగేసింది.
"ఇది అప్పు కాదు నాన్నా!
మన నీళ్లే. మూత తీశామంతే."

నలభై మూడేళ్లు నాకు. కుట్టుకూలి లెక్కలు వేసిన ప్రతిసారీ
పక్కింటికి బాకీ పడుతూనే వచ్చాను.

తరవాతి పరీక్షలో ఇరవై అయిదుకు రెండొచ్చాయి.
మొదటి లెక్కకు డ్రమ్ములు గీసి, మూతలు గీసి,
నీలం రంగు వేస్తూ ఉండగా గంట కొట్టేశారట.
జవాబు సరైందే.
ఎస్తర్ టీచర్ డైరీలో ఎర్రగా రాసింది:
"ముప్పావుగంట కూర్చుని ఒక్కటే చేసింది."

ముప్పావుగంట.
కూర్చుని.

ఆ మాట కింద గీత గీద్దామనుకున్నాను.
చేతిలో జాకెట్లకు గుర్తులు పెట్టే సుద్దముక్కే ఉంది,
కాగితం మీద సరిగా పడలేదు.
సంతకం పెట్టి,
డైరీ మూసి సంచిలో పెట్టాను.